గంటకు నలభై

మనిషి గుండెను కాసేపు ఆపి, కాలిలోంచి తీసిన నరాన్ని దానికి కుట్టి, మళ్ళీ కొట్టించే చోట నేను పద్నాలుగేళ్ళుగా నర్సును. అక్కడ మనిషి పోతే ఒక కాగితం రాస్తారు. చార్టులో ఒక గడి ఖాళీగా వదిలితే రెండు కాగితాలు రాయాలి. ఒకటి సంజాయిషీ, రెండోది ఇంకెప్పుడూ వదలనని హామీ. ఆస్పత్రి పంజాగుట్టలో ఉంది. పేరు చెప్పను, చెబితే మూడో కాగితం కూడా రాయాల్సొస్తుంది.

ఆ చార్టు అట్టకు బిగించిన పెద్ద కాగితం. రోజుకున్న ఇరవై నాలుగు గంటలకు ఇరవై నాలుగు గళ్ళు. బీపీ, నాడి, ఆక్సిజన్, ఏ మందు ఎంత పోతోంది, అన్నీ గంటగంటకూ రాయాలి. వాటన్నిటికీ మిషన్లున్నాయి, తల ఎత్తితే కనబడతాయి. అట్టడుగు వరసలో మూత్రం. దానికి నడుం వంచాలి. మంచం పక్కన కొక్కానికి వేలాడే సంచి ముందు కూర్చుని, గీతకు సమానంగా కళ్ళు పెట్టి చూడాలి. ఏ గంటకు ఆ గంట విడిగా కొలిచే చిన్న డబ్బా సంచులు ఉంటాయి గానీ, మా స్టోరు వాళ్ళు వాటిని తెప్పించడం మానేసి రెండేళ్ళైంది. మామూలు సంచిలో అన్ని గంటలదీ కలిసిపోతుంది.

ఒక్కో నర్సుకు ఒక మంచం అని గోడ మీద అందంగా రాసి ఉంటుంది. నాకు మూడు మంచాలు. అందుకని మాకో పద్ధతి ఉంది. డ్యూటీ చివర్లో సంచిని కొలత జగ్గులో వంచుతాం. వచ్చిన దాన్ని గంటలతో భాగిస్తాం. ఆ అంకెను అన్ని గళ్ళలోనూ వరసగా వేసేస్తాం. ఖాళీ ఉండదు, సంజాయిషీ ఉండదు. దీన్ని నేను చేరిన మొదటి ఏడే నేర్చుకున్నాను. ఆ తర్వాత వచ్చిన పిల్లలందరికీ నేనే నేర్పాను. వాళ్ళలో రవళి అందరికన్నా చురుకు, దానికి క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

రాజనర్సయ్య మంగళవారం మధ్యాహ్నం రెండింటికి థియేటర్ నుంచి నా మంచానికి వచ్చాడు. అరవై రెండేళ్ళు, బోరబండ, పాల వ్యాపారం, షుగరు. మూడు నాళాలు మూసుకుపోతే మూడింటికీ బైపాస్ చేశారు. బరువు డెబ్బై కిలోలు. అంటే గంటకు కనీసం ముప్పై అయిదు మిల్లీలీటర్ల మూత్రం రావాలి. కిలోకు సగం చొప్పున, ఇది మాకు ఎక్కం లాంటిది. అంతకన్నా తగ్గి ఆరు గంటలు దాటితే కిడ్నీలు దెబ్బ తింటున్నట్టే. రక్తపరీక్షలో ఆ దెబ్బను చూపించే క్రియాటినిన్ పెరగడానికి ఒక రోజు పడుతుంది, ఒక్కోసారి రెండు. సంచి మాత్రం ముందే చెబుతుంది, చూసేవాళ్ళుంటే.

గుండె ఆపరేషన్ మిషన్ మీద నుంచి దిగిన మనిషికి మొదట మూత్రం బాగా వస్తుంది. అందరికీ వస్తుంది. రాజనర్సయ్యకూ వచ్చింది. మూడున్నరకే సంచి నాలుగొందల గీత దగ్గరుంది. నేను చూశాను కూడా. చూసిన సంగతి బుర్రలోకి ఎక్కలేదు, ఎందుకంటే అప్పుడే పక్క మంచం ఆయనకు బీపీ పడిపోయింది.

సాయంత్రం ఐదింటికి ఆయన భార్య లచ్చమ్మను లోపలికి వదిలారు. ఐదు నిమిషాలు చూడనిస్తారు. ఆకుపచ్చ గౌను, కాళ్ళకు నీలం కవర్లు వేసుకుని ఆమె మంచం దగ్గర నిలబడింది. మిగతావాళ్ళలా తెర మీద గీతల్ని చూడలేదు. భర్త చెయ్యి పట్టుకుంది, కాళ్ళు తడిమింది, తర్వాత చటుక్కున వంగి సంచి చూసింది.

"నాలుగొందలా బిడ్డా గది? మంచిగొస్తున్నదా?" అని అడిగింది.

నేను పక్క మంచానికి మందు ఎక్కిస్తూ, తల తిప్పకుండానే, "మంచిగొస్తున్నదమ్మా, ఫికర్ చేయకు" అన్నాను. రోజూ పది మందితో అనే మాట అది. చెయ్యి పని చేస్తుంటే నోరు దానంతట అదే అనేస్తుంది.

ఎనిమిదింటికి డ్యూటీ దిగేముందు జగ్గులో వంచితే నాలుగొందల ఇరవై. ఆరు గంటలు. గంటకు డెబ్బై. ఆరు గళ్ళలో ఆరు డెబ్బైలు వేశాను. చక్కగా, గుండ్రంగా. బయట బెంచీ మీద లచ్చమ్మ కనబడితే, "నాలుగొందల ఇరవై పోసిండమ్మా" అని శుభవార్త కూడా చెప్పి ఇంటికి పోయాను.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి రవళి దగ్గర డ్యూటీ తీసుకున్నాను. పన్నెండు గంటల్లో నాలుగొందల ఎనభై వచ్చిందట. చార్టులో పన్నెండు నలభైలు. సంచి ఖాళీ చేసి తగిలించింది. క్రియాటినిన్ ఆపరేషన్‌కు ముందు సున్నా పాయింట్ తొమ్మిది, ఇప్పుడు ఒకటి పాయింట్ ఒకటి. అంతా బాగుంది. డ్యూటీ డాక్టర్ అనుదీప్ అప్పటికే వార్డుకు మార్చమని రాసి పెట్టాడు. పన్నెండింటికి మార్చాలి, ఎందుకంటే ఆ మంచం కోసం ఇంకో గుండె థియేటర్‌లో అప్పుడే తెరిచి ఉంది. వార్డుకు వెళ్ళగానే మూత్రం గొట్టం తీసేస్తారు, నొప్పి ఇంజెక్షన్ పూటకొకటి మొదలుపెడతారు. అది అచ్చు వేసిన కాగితం, అందరికీ అదే.

తొమ్మిదిన్నరకు ప్రమోద్ వచ్చాడు. క్వాలిటీ ఆఫీసు అని ఒకటుంది మాకు. దానికి ఆయనే పెద్ద. మెడలో ట్యాగు, చేతిలో ఎర్ర పెన్ను. రాజనర్సయ్య చార్టు తీసి అటూ ఇటూ తిప్పాడు.

"సుకన్య గారూ, మీ చార్టులు చూస్తే ముచ్చటేస్తుందండీ. ఒక్క గడి ఖాళీ ఉండదు. కొత్తగా చేరినవాళ్ళకు ట్రైనింగ్‌లో చూపిస్తాను" అని ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. మనిషి వైపు మాత్రం చూడలేదు. నాకు లోపల కొంచెం గర్వంగానే అనిపించింది. అబద్ధం ఎందుకు, అనిపించింది.

పదింటికి లచ్చమ్మ వచ్చింది. ఈసారి భర్త చెయ్యి కూడా పట్టుకోలేదు, నేరుగా సంచి దగ్గర వంగింది. లేచి నా ఎదురుగా నిలబడింది.

"బిడ్డా, జర ఒక మాట. నిన్న ఐదింటికి నేను చూసినప్పుడు నాలుగొందల గీత మీదుండె. ఎనిమిదింటికి నువ్వు నాలుగొందల ఇరవై అన్నవ్. నడిమిట్ల మూడు గంటలల్ల ఇరవయ్యే పోసిండా?"

నాకు ఒళ్ళు మండింది. ఒక చేతిలో సిరంజి, ఇంకో మంచం దగ్గర అలారం మోగుతోంది, ఈమె నాకు లెక్కలు చెబుతోంది.

"ఇది పాల లెక్క కాదమ్మా. చార్టుల రాసినం. డాక్టర్లు చూసిండ్రు. అంత మంచిగనే ఉన్నది."

"పాలైనా గంతే గదా బిడ్డా. ముప్పై ఏండ్ల సంది క్యాన్ల మీద గీతలు చూసుడే నా పని. గీత గీతే." ఆమె గొంతు పెంచలేదు. "ఇప్పుడు సుత చూడు. అడుగున తడిసినట్టున్నది, గంతే."

చూస్తే పీడా పోతుందని వంగాను. ఎనిమిదింటికి ఖాళీ చేసిన సంచి. రెండు గంటలైంది. సంచిని ఓ మూలకు వంచితే పదిహేను మిల్లీలీటర్లు ఉంటుందేమో. గొట్టం ఎక్కడా మెలిక పడలేదు. ముప్పై అయిదు చొప్పున డెబ్బై రావాల్సిన చోట పదిహేను. నిన్నటి ఐదింటి సంచి, అంతకు ముందు మూడున్నరకు నేను చూసిన సంచి, అప్పుడు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

లచ్చమ్మను బయటికి పంపేసి రవళికి ఫోన్ చేశాను. అది అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్‌లో ఉంటుంది. అప్పుడే పడుకున్నట్టుంది, నిద్ర గొంతు.

"రాత్రి ఆ నాలుగొందల ఎనభై ఎప్పుడొచ్చింది? నిజం చెప్పు."

"ఐదింటికి లాసిక్స్ ఇంజెక్షన్ ఇస్తాం కదక్కా, అందరికీ ఇచ్చేదే. అది ఇచ్చాక ఏడింటికల్లా నాలుగొందలు వచ్చేసింది."

"దానికి ముందు?"

"ఎనభై ఉంటుందేమో. ఏంటక్కా, ఏమైంది?"

"తొమ్మిది గంటల్లో ఎనభై వస్తే ఎవరికీ ఎందుకు చెప్పలేదే?"

"మొత్తం చూసి భాగించాలని మీరే నేర్పారు కదక్కా" అంది. ఎదురు చెప్పినట్టు కాదు. అప్పజెప్పిన పాఠం సరిగ్గా రాశానా లేదా అని అడిగే పిల్లలా అంది. ఫోన్ పెట్టేశాను.

అరచేతి మీద పెన్నుతో లెక్క వేసుకున్నాను. లాసిక్స్ మూత్రాన్ని బలవంతంగా తోడే మందు, దాంతో వచ్చింది లెక్కలోకి రాదు. మంగళవారం మూడున్నర నుంచి తెల్లవారుజాము ఐదింటిదాకా పదమూడున్నర గంటల్లో ఆ మనిషికి వచ్చింది మొత్తం వంద. గంటకు ఎనిమిది కూడా లేదు. చార్టు చూస్తే మొదట డెబ్బైలు, తర్వాత నలభైలు. నేనూ నా శిష్యురాలూ కలిసి ఒక మనిషి కిడ్నీలు ఆగిపోవడాన్ని భాగించి, సమంగా పంచి, గళ్ళలో దాచేశాం.

అనుదీప్ దగ్గరికి పరుగెత్తాను. మంచి పిల్లాడే, వరంగల్ వైపు. పొద్దున్నుంచి టీ కూడా తాగినట్టు లేడు, కంప్యూటర్ ముందు డిశ్చార్జి కాగితాలు కొడుతున్నాడు.

"సార్, నాలుగో మంచం రాజనర్సయ్యకు మూత్రం వస్తలేదు. రెండు గంటల్ల పదిహేనే."

అతను చార్టు తెరిచి వేలు పెట్టి చూశాడు. "రాత్రంత నలభై నలభై మంచిగొచ్చింది గదా అక్కా. క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఒకటి. రెండు గంటలకే ఏమైతది? గొట్టం బ్లాకయి ఉంటది, ఒకసారి ఫ్లష్ చెయ్."

ఫ్లష్ చేశాను. నీళ్ళు ఎంత పోసినా హాయిగా లోపలికి పోయాయి, అంతే హాయిగా బయటికి వచ్చాయి. గొట్టానికి ఏ జబ్బూ లేదు. మళ్ళీ వెళ్ళాను.

"బ్లాక్ లేదు సార్. పెద్ద సార్‌కు చెప్పాలె. వార్డుకు పంపొద్దు. అక్కడ నొప్పి ఇంజెక్షన్ ఇస్తే ఉన్న కిడ్నీ సుత పోతది."

"అక్కా, సార్ థియేటర్‌ల ఉన్నడు. ఈ చార్టు చూపించి కిడ్నీ పోతున్నదని ఎట్ల చెప్పాలె? నన్ను తిడతడు. రేపు పొద్దుగాల క్రియాటినిన్ వస్తది గదా, చూద్దాం."

రేపు! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. రేపు క్రియాటినిన్ పెరిగిందంటే కాలిపోయిన ఇంటికి ఫైరింజన్ వచ్చినట్టే. కానీ ఆ పిల్లాణ్ణి తిట్టే నోరు నాకెక్కడిది? అతను చూస్తున్నది నా చేతి రాత. చార్టు నిజమైతే అతను చెప్పిందే సరైంది.

ఒక్కటే దారి ఉంది. చార్టు తప్పని చెప్పాలి. చెబితే నా పద్నాలుగేళ్ళూ ప్రశ్నార్థకమవుతాయి, నిన్న మొన్న చేరిన రవళి ఉద్యోగం ఊడినా ఊడుతుంది. చెప్పకపోతే పన్నెండింటికి ట్రాలీ వస్తుంది. మధ్యలో ఏదైనా తప్పించుకునే సందు ఉందేమోనని పదకొండున్నర దాకా వెతికాను. ఆ గంటన్నరలో సంచిలోకి వచ్చింది ఇంకో పదకొండు. ఆ సంగతి ఒప్పుకోవాలి, వెంటనే చెప్పలేదు నేను. గంటన్నర భయపడ్డాను.

పదకొండు నలభైకి ఆపరేషన్ చేసిన పెద్ద సార్, డాక్టర్ చక్రపాణి, థియేటర్ టోపీతోనే వచ్చారు. ఆయనది కాకినాడ, చెయ్యి బంగారం, నోరు మాత్రం నిప్పు. వెనక అనుదీప్, ఇద్దరు జూనియర్లు. చార్టు చూశారు, రాజనర్సయ్య గుండె మీద స్టెత్ పెట్టారు. "బావుంది పెద్దాయనా, ఇవాళ రూముకి వెళ్ళిపోదువు గాని" అని అట్ట నాకు తిరిగిచ్చారు. రాజనర్సయ్య నవ్వబోయాడు. మొహం ఉబ్బి కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి.

"సార్, ఆ చార్టు నమ్మకండి" అన్నాను.

"ఏంటి?"

"మూత్రం అంకెలు నిజం కాదు సార్. మొత్తాన్ని గంటలతో భాగించి వేసినవి. నిన్నటివి నేను వేసినవి. రాత్రివి వేసిన పిల్లకు అట్ల వేయమని నేర్పింది నేనే. నిన్న మూడున్నర నుంచి తెల్లారి ఐదింటిదాకా వచ్చింది వంద. లాసిక్స్ ఇస్తే నాలుగొందలు వచ్చింది. పొద్దున ఎనిమిది నుంచి ఇప్పటిదాకా ఇరవై ఆరు. గొట్టం బ్లాక్ లేదు."

చక్రపాణి గారి మొహం ఎర్రబడింది.

"అంటే ఇరవై గంటలుగా కిడ్నీలు పని చేయట్లేదు. నువ్వు బొమ్మలేసుకుంటూ కూర్చున్నావు. ఇదేమన్నా ఎల్కేజీ క్లాసా? అంకెలు రాయడం రాకపోతే మానేయాలి కదా సిస్టర్! నేను దేన్ని చూసి నిర్ణయం తీసుకోవాలి? నీ చేతి రాత అందం చూసా?"

తిట్టాల్సిందే. ప్రతి మాటా నాకు తగిలింది. కానీ లోపల పేరుకున్నదంతా ఒక్కసారి నోట్లోకి వచ్చేసింది.

"తప్పు నాదే సార్, కాదనను. కానీ ఆ కాగితం మీరు చూసిండ్రు, ఈ సార్ చూసిండు, క్వాలిటీ సార్ ఫొటో సుత తీసుకున్నడు. పన్నెండు గంటలు ఒక్క చుక్క తేడా లేకుండ నలభై నలభై నలభై ఏ మనిషికొస్తది సార్? నల్లా తిప్పినా అట్ల రాదు. ఒక్కరన్న అడిగిండ్రా? ఒక్కరన్న వంగి సంచి చూసిండ్రా? చదువులేని ఆ లచ్చమ్మ చూసింది."

అనుదీప్ నేల చూశాడు. చక్రపాణి గారు నా వైపు కాదు, అట్ట వైపు చూశారు. ఆ నలభైల వరస మీద ఆయన బొటనవేలు ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయింది. తర్వాత అట్ట పక్కన పడేసి, జీవితంలో మొదటిసారేమో, మంచం పక్కన గొంతుక్కూర్చుని సంచి చూశారు.

లేచాక ఇక ఆగలేదు. "వార్డు క్యాన్సిల్. నొప్పి ఇంజెక్షన్ కొట్టెయ్. ఎకో మిషన్ తీసుకురండి. బీపీ ఇంకా పైన ఉంచాలి, ఈ వయసుకి, షుగరుకి ఇది చాలదు. నెఫ్రాలజీ వాళ్ళని పిలవండి. యూరిన్ ఎన్‌గాల్ పంపండి, కిడ్నీ దెబ్బ తిందా, ఊరికే నీళ్ళు తక్కువయ్యాయా తేలిపోవాలి." అంతా చెప్పి నా వైపు తిరిగారు. "నువ్వు బయటికెళ్ళు. నా పేషెంట్‌ని ముట్టుకోకు."

ఎన్‌గాల్ అనేది మూత్రంలో ఒక ప్రొటీన్‌ను చూసే పరీక్ష. కిడ్నీ దెబ్బ తిన్న కొన్ని గంటల్లోనే అది పెరుగుతుంది, క్రియాటినిన్ కన్నా ఒక రోజు ముందే చెప్పేస్తుంది. మా ల్యాబులో ఆ కిట్టు లేదు. అమీర్‌పేటలో ఒక పెద్ద ల్యాబుకు పంపాలి. వాళ్ళ మనిషి సాంపిల్స్ కోసం సాయంత్రం నాలుగింటికి వస్తాడట. నాలుగింటికి! ముందే తెలుసుకోవడానికి కనిపెట్టిన పరీక్షను తీసుకుపోవడానికి నాలుగు గంటలు ఆగాలట. నన్నెలాగూ బయటికి గెంటారు. ఐసు డబ్బా నేనే పట్టుకుని మెట్రో ఎక్కాను.

పంజాగుట్ట తర్వాత స్టేషన్ అమీర్‌పేటే. దిగి మెట్ల కిందికి వచ్చేసరికి రోజూ ఉండే జాతర. సందు సందుకూ కోచింగ్ బోర్డులు, ఫుట్‌పాత్ నిండా బ్యాగులు తగిలించుకున్న పిల్లలు. ఒకాయన నా చేతిలో కరపత్రం కుక్కాడు. నలభై అయిదు రోజుల్లో డేటా, అంటే అంకెల చదువు, నేర్పుతారట, ఉద్యోగం గ్యారంటీ అట. తెల్ల యూనిఫాంతో, ఐసు డబ్బాతో నడిరోడ్డు మీద నిలబడి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ల్యాబు కౌంటర్లో అమ్మాయి ఫారం నింపుతూ అడిగింది. "సాంపిల్ తీసిన టైము మేడమ్?"

డబ్బా మీద చీటీ చూశాను. టైము రాయలేదు. అందరం అరుపుల్లో ఉండి మర్చిపోయాం.

"సుమారుగా వేసేద్దామా మేడమ్? పన్నెండని వేస్తా."

"సుమారుగా వద్దు" అన్నాను. ఐసీయూకి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నా వెనక లైన్లో వాళ్ళు గొణిగారు. నాలుగోసారి అనుదీప్ ఎత్తి, పన్నెండూ పది అని చెప్పాడు. ఆ అమ్మాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, పన్నెండూ పది అని రాసింది. రిపోర్టు చేతికి వచ్చేదాకా అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. నూట యాభై లోపు ఉండాల్సింది ఆరు వందల పన్నెండు.

ఫోన్లో చెబితే చక్రపాణి గారు, "నిన్న సాయంత్రమే తెలిసుంటే..." అని అక్కడితో ఆపేశారు. ఆ మిగతా మాట ఏంటో నాకు తెలుసు. ఈ రోజుకీ ఆ మాట నేనే పూర్తి చేసుకుంటూ ఉంటాను.

గురువారం నాకు మెమో ఇచ్చారు. దాంతో పాటే డ్యూటీ కూడా వేశారు, ఎందుకంటే మనుషుల్లేరు. అదే నాలుగో మంచం. పేషెంట్‌ని ముట్టుకోవద్దన్న చక్రపాణి గారే నా పేరు చెప్పారట. స్టోరు వాళ్ళు ఎక్కడినుంచి తీశారో గానీ చిన్న డబ్బా ఉన్న సంచి తగిలించి ఉంది. ప్రమోద్ ఎర్ర పెన్ను మాత్రం మారలేదు. "రవళి గారు రాత్రి మూడు గళ్ళు ఖాళీ వదిలేశారండీ" అని వచ్చాడు.

"చూడలేదు కాబట్టి వదిలింది. చూడకుండ రాసింటే మీరు ఫొటో తీసుకునేటోళ్ళు" అన్నాను. ఎర్ర పెన్ను మూత పెట్టుకుని వెళ్ళాడు.

గురువారం క్రియాటినిన్ రెండు. శుక్రవారం మూడు పాయింట్ రెండు. అంటే పాత పద్ధతిలో అయితే మేం గురువారం మేలుకుని ఉండేవాళ్ళం, అప్పటికే రెండు పూటల నొప్పి ఇంజెక్షన్లు పడి ఉండేవి. మూత్రం గంటకు ఆరు, తొమ్మిది, అయిదు, పదకొండు. ఒకదానికొకటి పొంతన లేని అంకెలు, కానీ నేను వంగి చూసినవి. డయాలిసిస్ మిషన్ తెచ్చి మంచం పక్కన పెట్టారు. కిడ్నీ డాక్టర్ శుక్రవారం సాయంత్రం ఐదింటిదాకా గడువు పెట్టాడు. గంటకు ముప్పై అయిదు దాటితే మిషన్ పక్కకు జరుపుతాం, లేదంటే మెడలో గొట్టం వేసి మొదలుపెడతాం అన్నాడు.

శుక్రవారం మూడింటికి పంతొమ్మిది. నాలుగింటికి ఇరవై ఏడు.

ఐదింటికి ఇంకా పది నిమిషాలుండగానే లచ్చమ్మ వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. లోపలికి తేనివ్వరని తెలిసినా కొంగు కింద దాచి తెచ్చింది. జున్ను అట. నా చేతిలో పెట్టి, రెండు చేతులూ పట్టుకుంది.

"పెద్ద డాక్టర్ సార్ చెప్పిండు బిడ్డా. సిస్టరే పట్టుకున్నది, లేకుంటే వార్డుకు పోతుండె అన్నడు. మా ఆయనను నువ్వే కాపాడినవ్."

ఆ డబ్బా బరువు భరించలేకపోయాను. తీసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చక్రపాణి గారు చెప్పింది అబద్ధం కూడా కాదు, సగం నిజం. ఆ సగం నిజాలతోనే కదా ఇంతదాకా వచ్చింది.

"నేను పట్టుకోలేదు లచ్చమ్మా. నువ్వు పట్టుకున్నవ్. నిన్నా మొన్నా కాదు, మంగళవారమే మూత్రం ఆగింది. నేను సంచి చూడకుండ కాగితం మీద మంచిగ రాసిన. నువ్వు పదింటికి చెప్పినంక సుత గంటన్నర భయపడి ఆగిన. అందుకే ఇంత దూరమొచ్చింది."

ఆమె చేతులు నా చేతుల మీద అలాగే ఉన్నాయి. పట్టు మాత్రం వదులైంది.

"నేనడిగిన గదా బిడ్డా, గా దినం" అంది. "ఐదింటికి అడిగిన. నువ్వు నా దిక్కు సుత చూడలే. మంచిగొస్తున్నది, ఫికర్ చేయకన్నవ్."

అరిచినా బాగుండేది. తిట్టినా బాగుండేది. గుర్తు చేసింది అంతే.

గోడ గడియారంలో ఐదైంది. నేను అట్ట తీసుకుని మంచం పక్కన గొంతుక్కూర్చున్నాను. ఇంతకుముందైతే లేచి అంకె చెప్పేదాన్ని, ఆమె వినేది. ఈసారి లచ్చమ్మ నా మాట కోసం ఆగలేదు. చీర కుచ్చిళ్ళు ఒడిలోకి దోపుకుని తనూ నా పక్కనే కూర్చుంది. కళ్ళు చిన్నవి చేసి, గీతకు సమానంగా తల వంచి, పాల క్యాను చూసినట్టు చూసింది. సంచి డబ్బాలో మూత్రం నిలకడ పడేదాకా ఇద్దరం ఆగాం.

"ముప్పై ఎనిమిది" అంది ఆమె.

నేను ఇంకోసారి చూశాను. "ముప్పై ఎనిమిదే."

"గట్లయితే రాయి" అంది లచ్చమ్మ. నేను రాసేదాకా పెన్ను మీద నుంచి కళ్ళు తీయలేదు.